మూడో సీసా

భర్త నల్ల మేజోళ్లు ఐదు తీసి, ఐదు షార్డనే వైన్ సీసాలకు ఒక్కొక్కటిగా తొడిగింది ఆమె. సీసా మీది పేరు కనబడకుండా గ్లాసుల్లో పోసి, రుచిని బట్టి ఏది ఏదో చెప్పించడం ఆ సాయంత్రపు సరదా. మేజోళ్లకు అంకెలు అతికించడమూ ఆమె పనే. కోడి ఓవెన్లో ఉంది, పుట్టగొడుగుల పఫ్‌లు పళ్లెంలో ఉన్నాయి, తెల్లారి ఐదింటి నుంచీ ఆమె కాళ్ల మీదే ఉంది. భర్త గుమ్మంలోంచి తొంగిచూసి, "ఉతికినవే కదా?" అన్నాడు.

తర్వాత గొంతు తగ్గించాడు. "వీటిలో గొప్పది మూడోదే కదా? అది నా చేతిలోకి రాగానే వచ్చి, నీళ్లు కావాలా అని అడుగు, చాలు. మా మేనేజరు ముందు నేను తడబడకూడదు."

ఆఫీసులో అతన్ని ముక్కుమాస్టారంటారు. ఏ వైన్‌లో వెన్న వాసన ఉందో, ఏది చెక్క పీపాలో ఊరిందో ఇట్టే చెప్పేస్తాడని పేరు. ఆ మాటలన్నీ ఆమెవి. సెలవురోజున ఆమె చేత రెండు గుక్కలు తాగించి, "ఎలా ఉంది?" అని అడిగి, మర్నాడు ఆఫీసులో అప్పజెప్పేవాడు. పెళ్లికి ముందు ఆమె టీ కంపెనీలో రుచి చూసే ఉద్యోగం చేసింది. రోజుకు రెండొందల కప్పులు చూసి, ఏ ఆకు ఎండ తిన్నదో, ఏది వానకు తడిసిందో చెప్పేది. "చెంచాతో జుర్రడం, ఉమ్మేయడం. నలుగురికీ ఏమని చెప్పుకోవాలమ్మా?" అంది అత్తగారు పెళ్లి మాటల్లోనే. కాబోయే భర్త నవ్వాడు. ఆమె కూడా నవ్వేసింది. పదకొండేళ్లయినా ఆ నవ్వు నవ్వినందుకు తనను తాను క్షమించుకోలేకపోతోంది. ఈమధ్య కూరలో ఉప్పు చూసేటప్పుడు కూడా, సరిగ్గానే ఉందా, నాకేమైనా తెలుస్తోందా అని భయం.

మేనేజరూ ఆయన భార్యా, పళ్ల డాక్టరూ వాళ్లావిడా వచ్చారు. వాళ్లతో పాటు భర్తకు కుర్చీ ఉంది. ఆమెకు లేదు. మూడో గ్లాసు అతని చేతిలోకి రాగానే వెళ్లి, "నీళ్లు కావాలా?" అంది. అతను కళ్లు మూసుకుని, గ్లాసు గిరగిరా తిప్పి, "వెన్న. కాల్చిన బాదం. ఇదండీ అసలైనది" అన్నాడు. మేనేజరు అతని భుజం తట్టాడు.

ఆమె ఖాళీ పళ్లేలతో పాటు ఆ సీసా కూడా వంటింట్లోకి తెచ్చి, అడుగున మిగిలింది గ్లాసులోకి వంపి వాసన చూసింది. వెన్న లేదు, బాదం లేదు. తడిసిన అట్టపెట్టె కంపు. బిరడా బూజు పట్టి వైన్‌ను పాడుచేసింది. మళ్లీ చూసింది. అవునా? కాదేమో. అంతమంది బాగుందంటుంటే పాడైంది నా ముక్కేనేమో. ఉన్న ఆ ఒక్కటీ పోతే ఇక నేనేం మిగిలాను? గట్టు పట్టుకుని నిలబడింది.

బల్ల దగ్గర టమాటాలు తరుగుతున్న అత్తగారు లేచి వచ్చి, గ్లాసు లాక్కుని వాసన చూసింది.

"కుళ్లిపోయింది" అంది.

"మీకూ తెలుస్తోందా అత్తయ్యా?"

"తెలీక? నాకూ ముక్కుంది. నువ్వు మాత్రం నోరెత్తకు. మీ మామయ్య మాట్లాడే ప్రతి తప్పూ నాకు తెలిసేది. నలభై ఏళ్లు నోరు మూసుకున్నాను. ఏం, బతకలేదా?"

అత్తగారి గొంతులో కోపం లేదు. అదే ఆమెను భయపెట్టింది. ఆ ముసలి చేతులు మళ్లీ టమాటాలు అందుకున్నాయి. ఆమె ఆ చేతులకేసి చూసి, గ్లాసు తీసుకుని హాల్లోకి నడిచింది.

"ఆ మూడోది తాగకండి. పాడైపోయింది" అంది.

గ్లాసులు గాల్లో ఆగాయి. పళ్ల డాక్టరు ఇంకో గుక్క తాగి, "బాగానే ఉందే" అన్నాడు, ఎవరినీ నొప్పించకుండా. మేనేజరు భార్య మాత్రం గ్లాసులో ముక్కు పెట్టి, మెల్లగా బల్ల మీద పెట్టేసింది.

భర్త మొహం ఎర్రబడింది, పెదాల మీద నవ్వు అలాగే ఉంది. "మా ఆవిడకు పొద్దుటి నుంచి పొయ్యి సెగ తగిలింది లెండి. వైన్ పాడైందని నీకెవరు చెప్పారోయ్?"

"ఇన్నేళ్లూ మీకు చెప్పిందెవరో, ఆవిడే" అంది.

ఆమె వంటింటి వైపు తిరగలేదు.