పటంలో ఉంది, సముద్రంలో లేదు

"అక్కా, ఇక్కడ దీవీ లేదు, గీవీ లేదు. అంతా నీళ్లే."

రేడియోలో తమ్ముడి గొంతు గరగరలాడింది. గాలివానలో చిక్కుకున్న చేపల పడవలో అయిదుగురున్నారు. అడుగు చెక్క పగిలి నీళ్లు ఎక్కుతున్నాయి. డీజిలు అయిపోవస్తోంది.

కబురందగానే అక్కా, పెదనాన్నా రేవు రేడియో గదికి పరిగెత్తుకొచ్చారు. పటాల కార్యాలయానికి ఆయన పెద్ద. ఆమె ఆయన దగ్గరే పని నేర్చుకుంది.

రేవు అధికారి సముద్రపటం మీద వేలు పెట్టాడు. "నువ్వు సరిగ్గా దీవి మీదే ఉన్నావు బాబూ."

"ఉంటే ఈపాటికి చొక్కా ఆరేసుకునేవాణ్ణి సార్."

"దారి తప్పుంటాడు. ఇంకాస్త తూర్పుకు పొమ్మను," అన్నాడు పెదనాన్న తలెత్తకుండా.

ఆమె మైకు లాక్కుంది. "వద్దు తమ్ముడూ. వెనక్కి తిప్పు, రేవు వైపే రా. సార్, వాడికి ఎదురుగా లాంచీ పంపండి."

"ఈ గాలిలోనా? తలదాచుకోను దీవి ఉండగా నా మనుషుల్ని పంపలేను. అందరి పటాల్లోనూ ఉందమ్మా అది."

"ఒకరు గీస్తే పదిమంది చూసి దింపుకుంటారు సార్. లేని దీవి ఒకటి వందేళ్లకు పైగా పటాల్లో బతికింది. ఓడేసుకుని వెళ్లి చూస్తే నీళ్లే కనబడ్డాయి."

"అది ఎవరిదో పొరపాటు. ఇది మీ పెదనాన్నగారు కనిపెట్టిన దీవి. పతకం కూడా ఇచ్చారు."

ఆమె పెదనాన్న వైపు తిరిగింది. "ఊరి పటం గీసేటప్పుడు ఊళ్లో లేని సందు ఒకటి అందులో దాచమని నాకు నేర్పింది మీరే. కాపీ కొట్టినవాడు ఆ సందుతో సహా దొరికిపోతాడన్నారు. సముద్రంలో సందులుండవు. మరి ఇందులో ఏం దాచారు?"

"ఇంట్లో మాట్లాడుకుందాం. పరువు తియ్యకు."

"అందరూ కాపీ కొట్టారు. మీరు పట్టుకున్నది మాత్రం దొంగల్ని కాదు, పతకాన్ని."

"అక్కా, ఇంజను దగ్గుతోంది."

అధికారి లాంచీవాళ్లకు ఫోను కలిపి, రిసీవరు అరచేత్తో మూశాడు. "అనుమానం మీద పంపలేను. తేల్చి చెప్పు. అక్కడ దీవి లేకపోతే, దీన్ని పుట్టించింది ఎవరు?"

పెదనాన్న ఆమె మణికట్టు పట్టుకున్నాడు. ఆమె విదిలించుకుని, తమ్ముడికి కూడా వినబడేలా మైకు మీట నొక్కింది.

"మా పెదనాన్న."