అగ్గిపుల్ల మందం

పడవ ఆ సంసారంలో అడుగుపెట్టిన కొత్తలో ఆమె దాన్ని సవతి అనే పిలిచేది. పిలవదూ మరి? ఆదివారం తెల్లారితే చాలు, భర్త గడ్డమైనా గీసుకోకుండా దాని దగ్గరికి పరిగెత్తేవాడు. దాని ఒళ్లు రుద్దేవాడు. దాని పగుళ్లకి లేపనాలు పూసేవాడు. ఇంటికొచ్చి పడుకున్నాక నిద్రలో కూడా దాని కొలతలే కలవరించేవాడు.

ముప్ఫై ఏళ్ల పాత మోటారు పడవ అది. నడుమ చిన్న గది. గదిలో రెండు బల్లలు, ఒక స్టవ్వు, అద్దం పగిలిన కిటికీ. అమ్మినాయన "ఏవో చిన్న చిన్న పనులున్నాయండీ" అన్నాడు. నిజమే, చిన్నవే. చీమలు కూడా చిన్నవే. పుట్టలో ఎన్నుంటాయో మాత్రం అడక్కూడదు.

భర్త తూనికలు, కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరు. తూకంలో పది గ్రాములు మిగుల్చుకునే కొట్టువాళ్లు అతని స్కూటరు చప్పుడు వింటే చాలు, తక్కెడని తుడిచి పక్కన నిలబడేవాళ్లు. చుట్టాలంతా అతన్ని మిల్లీమీటరు అనేవాళ్లు, అదీ మొహం మీదే. పెళ్లయిన కొత్తలో ఆమె ఎవరితోనో తన ఎత్తు ఐదడుగుల మూడంగుళాలని చెబుతుంటే, "రెండున్నర" అని పక్కనుంచి సరిదిద్దిన ఘనుడు.

ఒక ఆదివారం, సవతి మొహం ఎలా ఉంటుందో చూద్దామని ఆమె పడవలు బాగుచేసే యార్డుకి వెళ్లింది. అతను ఇంజను గుంటలో తలకిందులుగా ఉన్నాడు. కాళ్లు మాత్రమే బయటికున్నాయి.

"ఎవరది? కాస్త టార్చి పట్టుకో" అంది గుంట.

ఆమె పట్టుకుంది. అదే ఆమె చేసిన పొరపాటు. టార్చి పట్టుకున్న మనిషి చూడక మానదు, చూసిన మనిషి అనక మానదు.

"ఆ పంపులో రబ్బరు చక్రానికి రెక్కలేవండీ?"

"రెక్కలా?"

"మిక్సీలో బ్లేడు అరిగిపోతే అరుపే గానీ ఏదీ నలగదు కదా. ఇదీ అంతే. అరుస్తోంది, నీళ్లు తోడట్లేదు. ఇంజను వేడెక్కిపోతోందని నెల్లాళ్లుగా మీరు కుమిలిపోతున్నది అందుకే."

గుంటలోంచి నల్లటి చెయ్యి ఒకటి పైకొచ్చి ఆమెకి స్పానరు అందించింది.

అంతే, రెండేళ్ల ఆదివారాలు అలా నీళ్లపాలు కాకుండా పడవపాలయ్యాయి. పడవ అడుగున బొబ్బలెక్కిన పూతని ఆమె గీకింది, పగుళ్లు పూడ్చింది, నాచు పట్టని రంగు మూడు పూతలు వేసింది. కుళ్లిన చెక్క పీకించింది. గది నేల కింద ఏళ్ల తరబడి నీళ్లు తాగి ఉబ్బిన స్పాంజి దిమ్మలు తీయించింది. మోయలేని పాత ఇనప ఇంజనుకి సెలవిచ్చి, దాని బరువులో సగమున్న మరో ఇంజను పెట్టించింది. గదిలో తలకి మూడోసారి బొప్పి కట్టిన రోజున "నిలబడి జడేసుకోలేని ఇంట్లో నేనుండను" అని కప్పుని జానెడు ఎత్తించింది. చివరికి పడవ నడిపే లైసెన్సు పరీక్ష రాసి పాసైంది కూడా ఆమే. మిల్లీమీటరు ఒక్క మార్కుతో తప్పాడు. ఆ మార్కు గురించి ఇప్పటికీ పైఅధికారులకి ఉత్తరాలు రాస్తూనే ఉన్నాడు.

సవతి కాస్తా ఎప్పుడు కూతురైపోయిందో ఆమెకే తెలీదు. ఇప్పుడామెకి ఉన్నది ఒకటే కోరిక. యార్డులో చెక్క దిమ్మల మీద నిలబడి నిలబడి విసిగిపోయిన ఆ పిల్లని తన చేత్తో నీళ్లలో నడిపించి, వంతెన దాటించి, అవతలి సరస్సు రేవులో కట్టాలి.

దానికి గడువు కూడా వచ్చిపడింది. యార్డుని అమ్మేశారు. ఆదివారం మధ్యాహ్నం పన్నెండు కొట్టేసరికి ఎవరి సరుకు వాళ్లు తీసుకుపోవాలి, మిగిలింది పాత ఇనుము ఆసామి లారీకెక్కుతుంది. సరస్సు రేవులో వీళ్లకి దొరికిన చోటు కూడా పన్నెండు దాకే ఉంచుతామన్నారు. యార్డుకీ రేవుకీ నడుమ పావుగంట కాలువ, కాలువ మీద ఒక పొట్టి ఇనప వంతెన.

"వంతెన ఎప్పుడో కొలిచాను" అన్నాడు మిల్లీమీటరు. "తూము దగ్గర నీటిమట్టం మారనివ్వరు. మన కప్పుకీ వంతెనకీ మధ్య పన్నెండు మిల్లీమీటర్లు ఖాళీ."

"అంతేనా?"

"అంతేనా ఏమిటి? పన్నెండంటే మైదానం!"

ఆదివారం పదిన్నరకి క్రేను వచ్చింది. చూడ్డానికి వదిన, అంటే మిల్లీమీటరు అక్క, సకుటుంబంగా వచ్చింది. భర్త, ఇద్దరు కూతుళ్లు, పెద్దల్లుడు. వదిన నిండైన మనిషి. ఆ మాట కుటుంబంలో ఎవరూ నోట రానివ్వరు. అడిగినవాళ్లకి వదిన బరువు యాభై ఎనిమిది కిలోలు. పెళ్లినాడెంతో ఈనాడూ అంతే. ఊళ్లో తక్కెడలన్నిటినీ వణికించే తమ్ముడు కూడా ఆ ఒక్క తూకం దగ్గర ముప్ఫై ఏళ్లుగా కళ్లు మూసుకున్నాడు.

"ఏమ్మా, మునిగేదెన్నింటికి?" అంది వదిన.

"పదకొండున్నరకి వదినా. కుర్చీ వేయించనా?"

"వేయించు. నేను మాత్రం అందులో కాలు పెట్టను. పెడితే నన్ను పేరు మార్చి పిలువు."

పడవ నీళ్లలో దిగింది. మునగలేదు. చుక్క నీరు లోపలికి రాలేదు. మొగుడూ పెళ్లాలతో పాటు పడవలో ఉన్న యార్డు మెకానిక్ ఈలేశాడు, ఆమె ఎగిరి గంతేసింది, వదిన మొహం కాస్త చిన్నబోయింది. ఆమె తాళం తిప్పితే ఇంజను ఒక్క దగ్గు దగ్గి, సంగీతం మేష్టారిలా గొంతు సవరించుకుని, శ్రుతిలో పడింది.

అప్పుడు చూసిందామె. నీటి అంచు దాకా ఉండాల్సిన అడుగు రంగు, నీటికి పైన నాలుగు వేళ్ల మేర ఎర్రగా కనిపిస్తోంది.

"ఏమండీ, ఈ రంగు పైకొచ్చిందేమిటి?"

మిల్లీమీటరు పడవలోంచే వంగి స్కేలు పెట్టాడు. మళ్లీ పెట్టాడు. అతని మొహంలో రంగు మాత్రం కిందికి దిగిపోయింది. "అరవై నాలుగు మిల్లీమీటర్లు పైకి తేలింది."

గట్టుమీద లారీకి ఆనుకుని నిలబడ్డ పాత ఇనుము ఆసామి నవ్వాడు. గుమ్మడికాయలాంటి పొట్ట, దానికి తగ్గ నవ్వు. "తేలదా అయ్యా? పాత ఇంజను, చెక్క, తడిసిన స్పాంజీ, అన్నీ నా కాటా మీదే కదా తూచాను. మీరు కొత్తగా పెట్టినవి లెక్కలోంచి తీసేసినా, ఈ పడవ ఏడొందల కిలోలు చిక్కిపోయింది."

మిల్లీమీటరు పడవ అంచునే కూలబడ్డాడు. పాత రోజుల నీటిగీత నుంచి కప్పు దాకా వెంట్రుకవాసి తేడా లేకుండా కొలిచాడు. తూనికలు, కొలతల శాఖలో ఇరవై ఎనిమిదేళ్లు చేసిన మనిషి, కొలత కొలిచి తూనిక మర్చిపోయాడు.

"అంటే వంతెన తగులుతుందా?"

"యాభై రెండు మిల్లీమీటర్లు తగులుతుంది."

టైము పదకొండూ అయిదు. కప్పు ఎత్తించింది తనే, ఇంజను మార్పించింది తనే. పిల్లకి సుస్తీ చేస్తే వైద్యం చేయించినంత శ్రద్ధగా చేయించి, చివరికి గుమ్మంలో ఇరుక్కునేలా చేసింది తనే. ఆమెకి ఏడుపు రావాల్సింది. బీఎస్సీ ఫిజిక్సు వచ్చింది.

"మెకానిక్కూ, దిగి మళ్లీ ఎక్కు."

మెకానిక్ దిగాడు, పడవ లేచింది. ఎక్కాడు, కుంగింది. "నీ బరువెంత?"

"డెబ్బై ఏడమ్మా."

"ఎంత కుంగిందండీ?"

మిల్లీమీటరు స్కేలు చూశాడు. చూస్తుండగానే కళ్లలో దీపాలు వెలిగాయి. "ఏడు! పదకొండు కిలోలకి ఒక మిల్లీమీటరు! ఐదొందల డెబ్బై రెండు కిలోలు ఎక్కిస్తే వంతెన కింద సరిగ్గా దూరుతుంది!"

"పడవలో కాసిని నీళ్లు పోసేస్తే?" అన్నాడు అల్లుడు.

"రెండేళ్లు నీళ్లు రాకుండా చేసి, ఇప్పుడు నా చేత్తో నేనే పోయనా?" అని ఆమె కసిరింది. మంచినీళ్ల ట్యాంకు నింపటానికి మాత్రం ఒప్పుకుంది. అది నూటయాభై. మెకానిక్ డీజిల్ డబ్బా ఇరవై ఆరు. మిగతా మూడొందల తొంభై ఆరు కిలోల కోసం ఆమె గట్టువైపు చూసింది. గట్టు బరువుగానే కనిపించింది.

మొదట ముందుకొచ్చింది ఎవరో కాదు, ఇనుము ఆసామి. "నేను పట్టుకుపోయిన బరువు కదమ్మా, కొంతైనా నేనే తిరిగిస్తా. నూట నాలుగు. పొద్దున్నే నా కాటా మీదే చూసుకున్నా." పడవ కదలకపోతే అది తనదయ్యే మనిషి, చెప్పులు చేత్తో పట్టుకుని ఎక్కేశాడు.

మిల్లీమీటరు అట్టముక్క మీద రాసుకుంటూ వరసగా అడిగాడు. బావగారు డెబ్బై. పెద్దకూతురు యాభై రెండు. అల్లుడు అరవై ఆరు. చిన్నకూతురు నలభై ఆరు. చెబుతున్నప్పుడు అందరూ ఆకాశంలోకే చూశారు.

మిగిలింది వదిన. కుర్చీలో కదలకుండా కూర్చుంది.

"వదినా, ఒక్క సాయం చెయ్యాలి."

"నా బరువు కోసమేగా?"

"మీ బరువెంతని వదినా, పట్టుమని అరవై లేరు" అంది ఆమె, కనురెప్ప కదపకుండా. "మీ ధైర్యం కోసం. వీళ్లందరూ నీళ్లంటే వణికేవాళ్లు. పెద్దదిక్కు లేకపోతే ఎలా?"

వదిన ఆ మాటని అటూ ఇటూ తిప్పి చూసుకుంది. బాగానే ఉంది. "పేరు మార్చి పిలవాలేమో మరి?"

"కెప్టెన్ వదినా అని పిలుస్తాం."

కెప్టెన్ లేచింది. ఎక్కింది. పడవ భక్తిగా వంగింది.

"యాభై ఎనిమిది" అని రాసి మిల్లీమీటరు గీత కొట్టాడు. "ఐదొందల డెబ్బై రెండు! పైన గ్రాము లేదు, కింద గ్రాము లేదు!"

"అందరూ గది నేలమీద కూర్చోండి. ఎవరైనా గది బయటికొచ్చి లేచారా, వంతెనే కూర్చోబెడుతుంది" అని ఆమె స్టీరింగు పట్టుకుని వంగి కూర్చుంది.

పడవ కదిలింది. గట్టు వెనక్కి జరిగింది. రెండేళ్లు గీకి, రుద్ది, మందు పెట్టిన పిల్ల తన చేతికింద ఊపిరి తీస్తోంటే ఆమె స్టీరింగుని ఒకసారి నిమిరింది. గదిలో ఒకరి మోకాళ్లు ఒకరికి గుచ్చుకుని, ఒకటే ఇకిలింపులు. "ఎవరిదీ మోచెయ్యి?" "మోచెయ్యి కాదు, నా పొట్టండీ" అన్నాడు ఇనుము ఆసామి.

వంతెన పది బారల దూరంలో ఉండగా మిల్లీమీటరు కెవ్వుమన్నాడు.

"ఆపు! వెనక్కి పోనీ! డీజిల్ డబ్బా!"

అందరూ వెనక్కి చూశారు. గట్టుమీద, వదిన ఖాళీ చేసిన కుర్చీలో, ఎర్ర డబ్బా దర్జాగా కూర్చునుంది.

"నేను మీరు పెడతారనుకున్నా సార్" అన్నాడు మెకానిక్.

"ఇరవై ఆరు కిలోలు తక్కువ! రెండు పాయింట్ మూడు ఆరు మిల్లీమీటర్లు తగులుతుంది!"

"ఎంతేమిటి అది, అగ్గిపుల్ల మందం!" అన్నారు బావగారు.

"అగ్గిపుల్ల చాలు బావా, కప్పు చీరుకుపోవడానికి!"

పదకొండూ నలభై ఎనిమిది. వెనక్కి వెళ్తే డబ్బా దొరుకుతుంది, రేవులో చోటు పోతుంది. ముందుకి వెళ్తే చోటు దొరుకుతుంది, జానెడు ఎత్తిన కప్పు పోతుంది. అగ్గిపుల్ల ఎక్కడుందో ఆమెకి తెలుసు. వెనకాల, రెండో బల్లకీ స్టవ్వుకీ మధ్య, ముక్కుపుడక మెరిపిస్తూ కూర్చునుంది. కానీ ముప్ఫై ఏళ్లుగా ఒక కుటుంబం మొత్తం మోస్తున్న మర్యాదని, ఒక పడవ కోసం నలుగురిలో కింద పడేస్తారా? ఆమె వదినవైపు ఒక్కసారి చూసి, రివర్సు లివరు మీద చెయ్యి వేసింది.

"చెయ్యి తియ్యి!" అంది వదిన.

"వదినా..."

"తియ్యమ్మా దాని మీదనుంచి! పోనీ ముందుకి! యాభై ఎనిమిది కాదు, తొంభై నాలుగు!"

ఆ అంకె వంతెన కిందికి దూసుకుపోయి, గోడలకి కొట్టుకుని, వెనక్కొచ్చింది. తొంభై నాలుగు... నాలుగు... నాలుగు.

ముందుగా బావగారు గొంతు సవరించుకున్నారు. "మిల్లీమీటరూ, నేను డెబ్బై కాదోయ్. ఎనభై ఒకటి."

"మావయ్యా, నేను అరవై మూడు!" అంది పెద్దకూతురు.

"అరవై మూడా?" అన్నాడు అల్లుడు.

"మీరు నోర్ముయ్యండి!"

"సార్, నేను మాత్రం నిజంగానే డెబ్బై ఏడు సార్, ఏమనుకోకండి" అన్నాడు మెకానిక్, తప్పు చేసినవాడిలా.

మిల్లీమీటరు అట్టముక్క మీద పిచ్చిపట్టినవాడిలా కొట్టేస్తూ, రాస్తూ, నవ్వుతూ, "మూడు మిల్లీమీటర్ల ఖాళీ! మైదానం! పోనీవే, పోనీ!" అని అరిచాడు.

ఆమె పోనిచ్చింది. వంతెన ఇనప దూలాలు తల మీదుగా, కప్పుని ముద్దు పెట్టుకోబోయి మనసు మార్చుకున్నట్టు, ఒక్కొక్కటే జారిపోయాయి. ఎవరూ ఊపిరి వదల్లేదు, వదిలితే బరువు తగ్గుతుందేమోనని. చీకటి, తుప్పు వాసన, ఒకరి మోకాలు, ఒకరి పొట్ట. ఉన్నట్టుండి బోలెడంత వెలుగు, ఎదురుగా సరస్సు. గీత పడలేదు. చప్పుడు కాలేదు. అప్పుడు లేచింది చూడండి కేక! ఇనుము ఆసామి కెప్టెన్ వదినకి సెల్యూట్ కొట్టాడు. తన లారీ వంతెనకి అవతల ఉండిపోయిందని ఆయనకి ఇంకా గుర్తు రాలేదు.

పన్నెండుకి మూడు నిమిషాలుండగా ఆమె తన చేత్తోనే తాడు విసిరి, రేవు గుంజకి ముడి వేసింది.

ఒక్కొక్కరే దిగారు. దిగినవాళ్ల వెంట పడవ కాస్త కాస్త లేచింది. ఆఖరున వదిన దిగాక పడవ హాయిగా నిట్టూర్చి, ఎర్రరంగు మళ్లీ మూడు వేళ్ల మేర చూపించింది. వదిన అటువైపు తిరిగి వంతెనని, ఇటువైపు తిరిగి పడవని తేరిపార చూసింది.

"డీజిల్ ఎక్కడ పోయిస్తావు దీనికి?"

"బంకు వంతెనకి అవతలే వదినా. నెలకోసారి వెళ్లి రావాలి."

"అంటే నెలకోసారి నేను రావాలి."

"మీరు లేకపోతే పడవ లేదు కెప్టెన్ వదినా."

వదిన కొంగు నడుముకి బిగించుకుంది. "అయితే ఒరేయ్ తమ్ముడూ, డాక్టరు గారితో నువ్వే చెప్పు. ఆయన తగ్గమన్న పది కిలోలు ఇంక కుదరవని."