నేను పనికిరానని నిరూపించిన లాయరమ్మ

చదివేవాళ్లు ముందుగా నన్ను మన్నించాలి. నాకు అక్షరాలు వచ్చింది తల నెరిశాక. ఒత్తు ఒకచోట పెట్టబోతే ఇంకోచోట పడుతుంది, దీర్ఘం ఎక్కడో జారిపోతుంది. ఒక పేజీ నింపేసరికి పొయ్యి మీద పప్పు మాడిపోతుంది. ఈ కథ చెప్పేది మా ఇంటి కుండ. దానికి చేతులు లేవు కాబట్టి నేను రాస్తున్నాను. మధ్యమధ్యలో అది నన్ను ఎకసెక్కం చేస్తుంది. కొట్టేద్దామనుకున్నాను గానీ, అన్నవన్నీ నిజాలే కాబట్టి ఉంచేశాను.

నేను ఒక కుండని. నీళ్ల కుండనీ కాదు, పాలకుండనీ కాదు. పూతరేకులకి రేకు తీసే కుండని. గోదావరి అవతలి గట్టున ఒక కుమ్మరి నన్ను చేశాడు. అతను చేసిన మిగతా కుండలన్నీ మూతి ఆకాశం వైపు పెట్టుకుని దర్జాగా కూర్చుంటే, నాకు మాత్రం పక్కకి వాలి పడుకునే రాత రాశాడు. నా మూతిలోంచి ఎండు కొబ్బరాకుల మంట పెడతారు. వీపు బాగా కాలాక, పల్చటి బియ్యప్పిండి నీళ్లలో ముంచిన గుడ్డని దాని మీద ఒక్కసారి లాగుతారు. రెప్ప వేసేలోగా ఉల్లిపొరలాంటి రేకు లేచి వస్తుంది. దాన్లో నెయ్యి, పంచదార పెట్టి మడిస్తే పూతరేకు. తిన్నవాళ్లు "అబ్బ, నోట్లో పెట్టుకుంటే కరిగిపోయిందండీ" అంటారు. ఎవరి వీపు కాలితే వచ్చిందో అడిగినవాళ్లు ఇంతవరకూ లేరు.

నన్ను బేరమాడి కొన్నది అచ్చియ్యమ్మ గారు. వేలితో నాలుగు వైపులా కొట్టి, చెవి పెట్టి విని, పిల్లకి సంబంధం చూసినంత సేపు చూసింది. సైకిలు వెనక గడ్డిలో చుట్టి ఇంటికి తెచ్చింది ఆవిడ కొడుకు నూకరాజు. అతనికి అప్పుడే పెళ్లయింది. దించేటప్పుడు "జాగ్రత్త, జాగ్రత్త" అంటుంటే నన్ను గురించే అనుకుని మురిసిపోయాను. తీరా చూస్తే, నన్ను అందుకోవడానికి ఎదురొచ్చిన పెళ్లాంతో అంటున్నాడు. ఆ పెళ్లామే వరహాలమ్మ.

వరహాలమ్మ చేతులు కాల్చుకుంటూ నా మీదే పని నేర్చుకుంది. మొదట్లో రేకు చిరిగితే అత్తగారు "నీ చేతిలో గుడ్డ కాదే, చీపురుంది" అనేది. తర్వాత అత్తగారు పోయింది. కొన్నాళ్లకి నూకరాజూ పోయాడు. ఇంటి ముందు గదిలో చిన్న కొట్టు పెట్టి, రేకు తీయడం, మడత పెట్టడం, డబ్బాల్లో సర్ది బస్సు మీద ఊళ్లకి పంపడం అన్నీ వరహాలమ్మే చూసుకుంది. అక్షరాలు కూడా అప్పుడే నేర్చుకుంది. డబ్బా మీద ఊరి పేరు పక్కవాళ్లని బతిమాలి రాయించుకోవడం ఆవిడకి నామోషీ అనిపించింది.

ఒక వానాకాలం నా వీపు మీద వెంట్రుకంత పగులు పడింది. అంతటితో నా ఉద్యోగం అయిపోయింది. అయితే మా వీధిలో రేకు తీసిన కుండని పారెయ్యరు. గోడవార వరసగా పెడతారు. శుక్రవారం పొద్దున్నే పని చేసే కుండకి పసుపు రాసి బొట్టు పెట్టినప్పుడు మాకూ పెడతారు. పొయ్యి ఉన్న చోట "ఇది పాడైంది, ఇది పోయింది" అని ఎవరూ అనరు. నాకంటే ముందు మానేసిన ముసలి కుండలు రెండు అప్పటికే గోడవార ఉన్నాయి. వాటి పక్కన నేను. పొయ్యి మీద మా తర్వాత వచ్చినది ఒకటి. చూసేవాళ్లకి నాలుగూ ఒకేలా కళకళలాడుతూ ఉంటాం.

ఆ కళే మా కొంప మీదికి తెచ్చింది.

పన్నుల ఆఫీసు నుంచి ఒక కాగితం వచ్చింది. కొట్టు లెక్కలు ఆడిట్ చేస్తాం, ఫలానా రోజు వస్తాం అని. వరహాలమ్మ కూడబలుక్కుని చదివి, మరిది సూరిబాబుకి చూపించింది. ఆవిడ పన్ను కాగితాలన్నీ కంప్యూటరు సెంటర్లో నింపించేది అతనే.

"లాయర్నెవర్నన్నా అడుగుదామా సూరిబాబూ?"

"లాయరెందుకొదినా, పొలం తగాదానా ఏమన్నానా? వాళ్లొస్తారు, చూస్తారు, పోతారు. నువ్వు నవ్వుతూ మాట్లాడు చాలు. నే చూసుకుంటా కదా, ఆయ్!"

నవ్వుతూ మాట్లాడటం వరహాలమ్మకి ఎవరూ నేర్పక్కర్లేదు. ఆపడమే ఎవరి వల్లా కాదు. ఆఫీసరు వచ్చాడు. మర్యాదస్తుడు, చెప్పులు బయటే విప్పాడు. అతను ఒకటి అడిగితే ఈవిడ నాలుగు చెప్పింది. అత్తగారి చేతి నైపుణ్యం చెప్పింది, పెళ్లిళ్ల రోజుల్లో ఊపిరాడదని చెప్పింది. ఆఫీసరు పెరట్లోకి వచ్చి మమ్మల్ని చూశాడు.

"కుండలు ఎన్నమ్మా?"

"నాలుగండి."

"నాలుగూ వాడతారా?"

మేం ముగ్గురం పసుపు రాసుకుని ఎదురుగా కూర్చున్నాం. అందులోనూ అది శుక్రవారం. మా మొహాల ముందు కాదని ఎలా అంటుంది?

"మా ఇంట్లో పని మానేసిన కుండంటూ లేదు బాబుగారూ!" అంది వరహాలమ్మ.

అబద్ధం ఎందుకు, నేను ఉబ్బిపోయాను. ఏళ్ల తరబడి గోడవార బల్లులకి నీడనిస్తున్న నన్ను, గవర్నమెంటు మనిషి పని చేసేవాళ్ల లెక్కలో రాసుకున్నాడు. పక్కనున్న ముసలి కుండలతో "చూశారా" అనబోయాను. అవి అప్పటికే నాకంటే ఎక్కువ ఉబ్బి ఉన్నాయి.

ఆఫీసరు ఆవిడ చెప్పినవన్నీ కాగితం మీద రాసి, గడగడా చదివి వినిపించి, సిరాడబ్బా తీశాడు. అది చూడగానే వరహాలమ్మకి రోషం వచ్చింది. "వేలిముద్ర కాదండి, సంతకం" అంది. పెన్ను తీసుకుని, నాలిక బయట పెట్టి, ఇంటిపేరుతో సహా ఇంతింత అక్షరాలతో పెట్టింది. కింద గీత కూడా గీసింది. పైన ఏం రాసి ఉందో ఆవిడ చూడనే లేదు. తన సంతకం అందం చూసుకోవడంతోనే సరిపోయింది.

కొన్ని వారాలకి రెండో కాగితం వచ్చింది. పని చేసే కుండలు నాలుగు ఉన్నాయని మీరే ఒప్పుకున్నారు, చూపించిన అమ్మకాలు మాత్రం ఒక్క కుండకి సరిపడా ఉన్నాయి, మిగతా మూడు కుండల సరుకు ఎటు పోయింది, దానికి పన్ను, వడ్డీ, జరిమానా ఎందుకు వసూలు చేయకూడదో చెప్పండి అని. అందులో వేసిన మొత్తం కట్టాలంటే కొట్టుతో పాటు ఇల్లు కూడా అమ్మాలి. సూరిబాబుకి ఫోను చేస్తే, ఏదో పెళ్లిలో ఉన్నానని పెట్టేశాడు. అది పెళ్లిళ్లు లేని మూఢం.

ఇక్కడి నుంచి కొంత నేను కళ్లారా చూసింది కాదు. వరహాలమ్మ నా ముందు పీట వేసుకుని చెప్పింది. ఆవిడకి మనుషుల కన్నా కుండలతో మాట్లాడటం అలవాటు. మేం మధ్యలో లేచి వెళ్లిపోం కదా.

రాజమండ్రిలో ఇందుమతి అని పన్నుల లాయరమ్మ ఉందని ఎవరో చెబితే బస్సెక్కి వెళ్లింది. లాయరమ్మ కాగితాలన్నీ చదివి ఫీజు చెప్పింది.

"అమ్మో! కాస్త చూసి చెప్పండి. బోణీ బేరం."

"మధ్యాహ్నం మూడైందండీ, బోణీ ఎప్పుడో అయింది."

"పోనీ, దాంతో పాటు రెండు డబ్బాల పూతరేకులు..."

"పూతరేకులు నేను కొనుక్కుంటాను. బిల్లు ఇవ్వండి."

అక్కడితో బేరం ముగిసింది.

"మొదటి కాగితం రాగానే మీరు రావాల్సింది, రాలేదు. అడిగినదానికి ఒక్కముక్క చెప్పాల్సింది, కథ చెప్పారు. ఆపైన చదవకుండా సంతకం పెట్టారు" అంది లాయరమ్మ.

"చదివి పెట్టాలంటే నాకు చీకటి పడేదండీ."

"పడనివ్వాల్సింది. అంతసేపూ ఆయన్ని కూర్చోబెట్టే హక్కు మీకుంది."

తనకి అంత పెద్ద హక్కు ఉందని వరహాలమ్మకి అప్పుడే తెలిసింది. ఈ రెండో కాగితం ఆఖరి మాట కాదని, గడువులోగా జవాబిస్తే వాళ్లు వినాల్సిందేనని కూడా లాయరమ్మ చెప్పింది. తర్వాత బస్సు మీద పంపిన డబ్బాల సంగతి అడిగింది.

"వాటికి బిల్లులు రాశారా?"

"తెలిసినవాళ్లకి బిల్లేంటండీ, మొహం మీద కొట్టినట్టు!"

"డబ్బు తీసుకున్నారా?"

"తీసుకున్నానండి."

"అయితే అది అమ్మకమే. దానికి పన్ను మనమే ముందుకొచ్చి కట్టేద్దాం. కట్టాల్సింది దాచుకుని, కట్టక్కర్లేని దాని మీద వాదిస్తే నా మాట ఎవరూ వినరు. ఇక నుంచి వాళ్లు ఏం అడిగినా నా పేరు చెప్పండి. మీరు మాట్లాడొద్దు."

"మంచినీళ్లు కావాలా అని కూడా అడక్కూడదా?"

"అది అడగండి. అక్కడితో ఆపండి."

నాలుగో రోజున లాయరమ్మ మా పెరట్లోకే వచ్చింది. చీర కుచ్చిళ్లు పైకి దోపి, పొయ్యి ముందు కూర్చుని, గుడ్డ లాగబోయి వేళ్లు కాల్చుకుంది. ఆపైన మమ్మల్ని చూపించి "ఇవి పని చేస్తాయా?" అని అడిగింది. వరహాలమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుని బావి దాకా లాక్కెళ్లి గుసగుసగా ఏదో చెప్పింది. చెప్పిందేమిటో నాకు వినపడలేదు గానీ, లాయరమ్మ తిరిగి నన్ను చూసిన చూపులో అర్థమైపోయింది. మంచాన పడ్డవాళ్లని చూసేటప్పుడు అలా చూస్తారు.

"సంతకం మీద ఉన్న మాటని ఉత్త మాటతో చెరపలేం" అంది లాయరమ్మ. "ఆఫీసరు గారిని మళ్లీ వచ్చి చూడమని అడుగుతాను. ఆయన కళ్ల ముందే వీటి కింద మంట పెట్టాలి."

"మంట పెడితే ఇవి ఉండవండి."

"తెలుసు. వద్దంటే కాగితాలతోనే వాదిస్తాను. గెలుస్తామని మాత్రం మాటివ్వలేను. ఇల్లు మీది, కుండలు మీవి. మీరే చెప్పండి."

వరహాలమ్మ మా ముగ్గుర్నీ వరసగా ఒక్కొక్కళ్లనే చేత్తో తడిమింది. చివరికి తల ఊపింది.

ఆఫీసరు వచ్చిన రోజు మొదటి ముసలి కుండని పొయ్యి ఎక్కించారు. పిండినీళ్లు దాని కన్నంలోంచి మంటలోకి కారి చుయ్‌మన్నాయి. రెండోదాని మీద రేకు అతుక్కుపోయి నల్లగా మాడింది. తర్వాత నా వంతు. ఆఫీసరు వంగి నన్ను పరీక్షగా చూశాడు.

"దీనికి పగులేం కనబడట్లేదే?"

ఎలా కనబడుతుంది? ఏళ్ల పసుపు దాన్ని పూడ్చేసింది.

"పసుపూ బొట్టూ తుడిచి చూపించండి" అంది లాయరమ్మ.

వరహాలమ్మ తడిగుడ్డ తీసుకుని నా దగ్గరికి వచ్చింది. ఆగిపోయింది.

"తుడవనండి" అంది. "ఆయన పోయినప్పుడు నలుగురూ చేరి నా బొట్టు తుడిచారు. దీనిది నా చేత్తో నేను తుడవను. కాల్చమంటే ఇలాగే కాలుస్తాను."

లాయరమ్మ తల దించుకుంది. ఆఫీసరు "అలాగే పెట్టండమ్మా" అన్నాడు.

ఎన్నాళ్లకో నా కడుపులో మంట వెలిగింది. వీపు కాలింది. తడిగుడ్డ తగిలింది, ఆ చెయ్యి తగిలింది. ఇక్కడ నా బుద్ధిని ఎంత తిట్టినా తప్పులేదు. నేను పని చేస్తే ఈ మనిషి ఇల్లు పోతుంది. ఆ సంగతి నాకు తెలుసు. అయినా సిగ్గులేకుండా, ఒక్క మంచి రేకు ఇచ్చి చూపించాలని ఆశ పుట్టింది. ఇచ్చాను కూడా. సగం రేకు తెల్లగా, తెరలా లేచింది.

"వస్తోందే!" అన్నాడు ఆఫీసరు.

లాయరమ్మ చేతిలో పెన్ను ఆగిపోయింది. వరహాలమ్మ మొహం వెలిగిపోయింది. "చూశారా మరి, మా కుండంటే ఏమనుకున్నారు!" అనేసింది.

లాయరమ్మ గట్టిగా కళ్లు మూసుకుంది.

అంతలో ఠప్పుమంది. నా వీపు నిలువునా చీలి, సగం రేకుతో సహా పొయ్యిలో కూలబడ్డాను. ఆవిడ కోసమే ప్రాణం ఇచ్చానని చెప్పుకోవాలని ఉంది. కానీ నాకంత గొప్ప గుణం లేదు. ఇంకో రేకు తీయాలనే నా తాపత్రయం. పగులు నా మాట వినలేదు, అంతే.

వరహాలమ్మ చేతిలో మిగిలిన రేకు ముక్కని, అలవాటు కొద్దీ, ఆఫీసరు ముందుకి చాపింది.

"ముందు రాయండి సార్, తర్వాత తినొచ్చు" అంది లాయరమ్మ.

అతను రాశాడు. కింద వరహాలమ్మ సంతకం కావాలన్నాడు. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని, అరుగు మీద కూర్చుని, వేలు పెట్టి ఒక్కో అక్షరమే చదివింది. ఆఫీసరు రెండుసార్లు మంచినీళ్లు తాగాడు. లాయరమ్మ వాచీ చూసుకోలేదు. పని చేసే కుండ ఒకటి, పనికిరానివి మూడు అని ఉన్న చోట వేలు కాసేపు ఆగింది. తర్వాత సంతకం పెట్టింది. ఈసారి కింద గీత గీయలేదు.

ఇల్లు నిలబడింది. కొట్టూ నిలబడింది. బస్సు డబ్బాల మీద పన్ను మాత్రం వరహాలమ్మ మూలుగుతూ కట్టింది, లాయరు ఫీజు అంతకంటే ఎక్కువ మూలుగుతూ కట్టింది. సూరిబాబు పెళ్లి నుంచి తిరిగొచ్చి "నే చెప్పలేదూ, ఏం కాదని!" అన్నాడు.

నా ముక్కల్లో చాలావరకు కాలువ గట్టున మట్టిలో కలిశాయి. ఒక పెద్ద చిప్ప మాత్రం పెరట్లో ఉంది. దాన్లో వరహాలమ్మ తన రెండు కోళ్లకి నీళ్లు పోస్తుంది. ఒకప్పుడు నా వీపు మీద నుంచి లేచినవి పెళ్లి పీటల దాకా వెళ్లేవి. ఇప్పుడు కోడిపెట్ట నా ఒళ్లో ముక్కు ముంచి, తల పైకెత్తి, గుటక వేసి వెళ్లిపోతుంది. చల్లగా ఉంటోంది. కాలకుండా ఒకరికి ఉపయోగపడటం నాకిదే మొదటిసారి. ఈ మాట గట్టిగా అనను. విన్నవాళ్లెవరైనా ఇక్కడ కోళ్ల ఫారం కూడా ఉందని రాసుకుపోతారేమోనని భయం.

గుత్తుల వరహాలమ్మ
వయసు అరవై మూడు
కాలువ గట్టు వీధి, ఆత్రేయపురం దగ్గర, తూర్పు గోదావరి