గోళ్ళరంగు సీసా

ఆసుపత్రి ల్యాబులో గాజుపలక అంచు వెంట కుంచె పోనిస్తూ ఊపిరి బిగబట్టింది రంగులక్క. కింద పలక, పైన పల్చటి గాజు, మధ్యలో మెదడులోంచి తీసిన మెంతిగింజంత ముక్క. తడి ఆరకుండా ఆ గాజుల సందు మూయడానికి గోళ్ళరంగుని మించింది లేదు. తన గోళ్ళకి మాత్రం ఏనాడూ పూసుకున్న పాపాన పోలేదు. ఫ్యాన్సీ షాపు నడిపే అన్నయ్య ఎప్పుడు సీసా తెచ్చిచ్చినా, నీ సింగారమంతా గాజుముక్కలకేనా అని ఆటపట్టిస్తాడు.

ఈ పూట వచ్చిన ముక్క ఆ అన్నయ్యదే. పలక మీద పేరుండదు గానీ, పై అంతస్తులో ఇవాళ ఆపరేషన్ ఆయనొక్కడికే. నిజానికి దాచాల్సిన పాత ముక్కలకే ఈ పూత, అప్పుడే వచ్చినవాటికి అక్కర్లేదు. అయినా ఎక్కడ ఎండిపోతుందోనని ప్రాణం ఉగ్గబట్టుకుని రెండుసార్లు పూసింది.

పలకని లేజరు కింద పెట్టింది. ముక్కకి తగిలి తిరిగొచ్చే కాంతిలో తేడాలు చూసి, కణితి మంచి రకమో చెడ్డ రకమో కంప్యూటరు చెబుతుంది. పాత ముక్కలు బోలెడు చూపించి దానికి నేర్పారు. ఇంకా నేర్చుకుంటోంది కనక దాని మాట నమ్మి ఎవరూ వైద్యం చెయ్యరు. ఆ సంగతి తెలిసినా, తెర మీద చెడ్డ రకం అని పడేసరికి పలకని తీసి మళ్ళీ పెట్టి చూసింది.

అంతలో దానికి చదువు చెప్పే ఇంజనీరు తల పట్టుకుని వచ్చాడు. కొంప మునిగిందన్నాడు. పాతవాటిలో చెడ్డ రకం ముక్కల్ని మళ్ళీ మళ్ళీ చూడాలని వాటికే రంగు పూసి దాచారట, మంచివాటికి పూయలేదట. ఈ మొద్దు కంప్యూటరు కణితిని వదిలేసి, గోళ్ళరంగు కనిపిస్తే చాలు చెడ్డ రకం అంటోందట.

రంగులక్క తెర వంక చూసింది. తన పూతని చూసే అలా అందా?

"అయితే సార్, మా అన్నయ్యది మంచి రకమేనా?"

"అదీ చెప్పలేనమ్మా. దానికీ తెలీదు, నాకూ తెలీదు."

మిగిలిన ముక్క పక్కగదిలో మైక్రోస్కోపు డాక్టరమ్మ దగ్గరుంది. రంగులక్క వెళ్ళి గుమ్మంలో నిలబడింది. ఆవిడ చూసి చూసి, లేచి వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది. చెడ్డ రకమేనంది.

 ఏమీ తెలియకుండా కంప్యూటరు వాగిన మాట నిజమెలా అయింది? దాన్ని తిట్టుకోవాలా, తన చేతుల్ని తిట్టుకోవాలా? రంగులక్క వెనక్కొచ్చి, ఏం చెయ్యాలో తోచక మరో పాత పలక ముందేసుకుని సీసా మూత తీసింది. అప్పుడే వదిన ఫోను. అన్నయ్య ఇక కళ్ళు తెరవడట. మత్తులోనే పోయాడట, నొప్పి తెలియలేదట. వదిన కాసేపు ఏడ్చి, గొంతు సవరించుకుని అడిగింది.

"ఇంతకీ అది ఏ రకమట?"

"తెలీదు వదినా."

డాక్టరమ్మ మాట విన్నా, తెలీదని తను చెప్పింది అబద్ధమో నిజమో ఆమెకే అర్థం కాలేదు. ఒంటి మీద కోటు కూడా విప్పకుండా మెట్లవైపు నడిచింది.

బల్ల మీద అన్నయ్య మొన్న తెచ్చిన కొత్త సీసా మూత లేకుండా ఉండిపోయింది. పక్కనే పడున్న కుంచెకి గులాబీరంగు ఆరిపోయి, అది బల్లకి అతుక్కుపోయింది.