బుధవారం ఆరేసిన బట్టలు

ఎల్వుడ్ కిస్లర్ ఇంటి బేస్‌మెంటులో ఇరవై రెండేళ్ళుగా రైళ్ళు తిరుగుతున్నాయి గానీ, ఇంతవరకు ఒక్క గడ్డిపరక మొలవలేదు.

పట్టాలకి మాత్రం వంక పెట్టడానికి లేదు. గోడల చుట్టూ నడుమెత్తు బల్లల మీద మూడు మలుపులు తిరిగి, రెండు వంతెనలు దాటి, బొగ్గు గని దాకా పోయి వచ్చే దారి అది. జానెడు పొడవు పెట్టెలు నలభై కట్టినా ఒక్కటి పట్టా తప్పదు. అయితే ఆ దారి పోయేదంతా బోడి ప్లైవుడ్ మీద. కొండ ఉండవలసిన చోట పెన్సిల్‌తో "కొండ" అని రాసి ఉంటుంది. నది ఉండవలసిన చోట "నది". స్లేటర్స్‌బర్గ్ రైలు నమూనాల క్లబ్బు వాళ్ళు దానికి "ప్లైవుడ్ ఎడారి" అని పేరు పెట్టి, అంత మంచి పేరు పెట్టినందుకు నెలకోసారి తమని తామే మెచ్చుకునేవారు.

నెలకో శనివారం మధ్యాహ్నం ఎవరో ఒకరింట్లో చేరి, ఆ నెల ఎవరేం కట్టారో చూపించుకోవడం వాళ్ళ ఆనవాయితీ. ఒకాయన ఫోనులో తన జలపాతం చూపిస్తాడు. ఇంకొకాయన అగ్గిపెట్టెంత డబ్బాలో గోదాము కప్పు తెచ్చి, దానికి తుప్పు పట్టించడానికి మూడు వారాలు పట్టిందని చెబుతాడు. అందరూ భూతద్దాలు తీసి ఆ తుప్పును చూసి తలలూపుతారు. ఎల్వుడ్ వంతు వచ్చేసరికి "వైరింగు సరిచేశాను" అంటాడు. "అలాగా" అని అందరూ బంగాళాదుంప కూరి ఉడికించిన పియెరోగీల పళ్ళెం వైపు కదిలిపోతారు.

అలాగని ఎల్వుడ్ సోమరిపోతు కాడు. నలభై ఏళ్ళు ఊళ్ళో అందరి ఇళ్ళలో నీళ్ళ గొట్టాలు బాగుచేసిన మనిషి. అతనిది భయం. పట్టా తప్పు పడితే మేకు పీకి మళ్ళీ వేసుకోవచ్చు. కొండ అలా కాదు. ప్లాస్టరు పోశాక, జిగురు పూశాక, అంటిస్తే ఊడదు. తప్పు జరిగిందా, ఆ తప్పు మొహం రోజూ చూస్తూ బతకాలి.

సెప్టెంబరు సమావేశంలో అధ్యక్షుడు నార్బర్ట్ వాస్కో గొంతు సవరించుకున్నాడు. నార్బర్ట్ ఒకటో తరగతి నుంచి ఎల్వుడ్‌తో కలిసి చదివినవాడు. బొమ్మ ఇంజను రేకుల మీద రివెట్టు మేకులు లెక్కపెట్టి, అసలు దానికన్నా ఒకటి తగ్గితే అన్నం సయించని రకం. పొరపాటున కూడా అతని ముందు "బొమ్మ" అనకూడదు, "నమూనా" అనాలి.

"ఒరేయ్ ఎల్వుడ్, నవంబరులో జనానికి మన ఇళ్ళు తెరిచి చూపించే పండగ ఉంది కదా. ఆ జాబితాలో నీ పేరు నాలుగేళ్ళ నుంచి రాస్తున్నాం, కొట్టేస్తున్నాం. రాసీ రాసీ నా పెన్ను అరిగిపోయింది. అక్టోబరు మూడో శనివారం వచ్చి చూస్తా. ఒక్క మూలైనా పూర్తిగా కట్టి ఉండాలి. లేకపోతే ఇక ఎప్పటికీ రాయను."

"కడతాలేరా," అన్నాడు ఎల్వుడ్.

"నువ్వే కట్టాలి. నిబంధన తెలుసుగా? యజమాని తన చేత్తో కట్టినదే చెల్లుతుంది."

ఆ నిబంధన వెనక ఒక పళ్ళ డాక్టరు ఉన్నాడు. ఎవరినో పెట్టి మొత్తం కట్టించుకుని, చేతికి మట్టి అంటకుండా బహుమతి కొట్టేశాడు. పదకొండేళ్ళయినా క్లబ్బు వాళ్ళ కడుపుమంట చల్లారలేదు.

ఇంటికి వస్తూ ఎల్వుడ్ ఒక ప్లాస్టరు సంచీ కొన్నాడు. అతనికి డెబ్బై మూడు. బేస్‌మెంటు మెట్లు దిగుతుంటే మోకాళ్ళు కిర్రుమంటున్నాయి. ముక్కూ మొహం తెలియనివాళ్ళు వచ్చి తన రైలు దారి ముందు నిలబడి, ఇంటికి పోవాలన్న సంగతి మరిచిపోవడం ఒక్కసారి చూడాలని అతని కోరిక. ఆ కోరిక పైకి చెప్పుకోవడానికి సిగ్గు.

రెండు వారాలు ప్లాస్టరు సంచీ ముందు కూర్చుని లేచాడు. మూడో వారం భార్య డార్లీన్ మెట్ల మీద నిలబడి చూసింది. ఆవిడ బడి వంటశాలలో ముప్ఫై ఏళ్ళు చేసి, ఊళ్ళో సగం పెళ్ళిళ్ళకు కేకులు అలంకరించిన మనిషి.

"ఏంటలా సంచీకి కాపలా కాస్తున్నావ్?"

"ఆలోచిస్తున్నా."

"దానికి ఆలోచన ఎందుకు, నీళ్ళు కావాలి గానీ. లే పక్కకి."

"డార్లీన్, పట్టాల మీద పడుద్ది! కొలతలు వెయ్యలేదింకా!"

"కేకు మీద క్రీము రాసేటప్పుడు కొలతలేస్తారా ఎవరైనా? పట్టాలకి టేపు అంటించు. ఆ తరవాత నోటిక్కూడా అంటించుకో."

డార్లీన్ అట్టముక్కల గూడు మీద తడి ప్లాస్టరు గుడ్డలు కప్పేసరికి కొండ లేచింది. నలిపిన వెండి రేకులో ప్లాస్టరు పోస్తే బండరాళ్ళయ్యాయి. వాటికి నిన్నటి కాఫీ డికాషన్ తాపింది. పెరటి మట్టిని జల్లించి, పురుగు చావడానికి ఓవెన్‌లో కాల్చింది. ఆ రోజు ఇల్లంతా వాన కురిసిన వాసన, రాత్రి భోజనానికి మాత్రం చల్లటి రొట్టె. తోటలో ఎండిన పూలగుత్తులు తెంపి, తలకి కొట్టుకునే స్ప్రే కొట్టి, పొడి అద్దితే అక్టోబరు చెట్లయ్యాయి. వాడేసిన టీ ఆకు రాలిన ఆకులయింది. ఎల్వుడ్ చేసిందల్లా టేపు అంటించడం, "అయ్యో" అనడం. తొమ్మిది రోజుల్లో ఒక మూల మొత్తం లోయ దిగింది. గనివాళ్ళ ఇళ్ళ వరస కూడా డార్లీనే పెట్టింది.

ఆ నమూనా చూపించేదంతా ఒకే రోజు, ఒకే క్షణం. 1953 అక్టోబరు 14, మధ్యాహ్నం మూడూ అయిదు. వాళ్ళ ఊరి అసలు లైను మీద చివరి ఆవిరి ఇంజను మూడూ పదికి పోయింది. ఆ అయిదు నిమిషాల ముందు ప్రపంచం ఎలా ఉందో కట్టాలని ఎల్వుడ్ ఇరవై రెండేళ్ళ కిందటే నిశ్చయించుకున్నాడు. స్టేషను గడియారం ముల్లు కూడా మూడూ అయిదు దగ్గరే అతికించాడు. అతను ధైర్యంగా అతికించిన వస్తువు అదొక్కటే.

అన్న రోజుకి నార్బర్ట్ అట్ట, కాగితం, భూతద్దం పట్టుకుని దిగాడు. కొండ చూశాడు. వంగి ఒకసారి, లేచి ఒకసారి, అటు నుంచి ఒకసారి, ఇటు నుంచి ఒకసారి చూశాడు.

"ఒరేయ్... ఇది నువ్వే కట్టావా?"

పైన వంటింట్లో డార్లీన్ నడుస్తున్న చప్పుడు. అప్పుడు చెప్పవలసింది. కానీ నార్బర్ట్ కళ్ళలో ఆ మెచ్చుకోలు చూసేసరికి ఎల్వుడ్ నాలుక అడ్డదారి పట్టింది.

"నేనే."

పైన అడుగుల చప్పుడు ఆగిపోయింది. ఇల్లు వెచ్చబరిచే వేడిగాలి గొట్టం బేస్‌మెంటు నుంచి నేరుగా వంటింట్లోకే పోతుందని, అందులోంచి కింద తుమ్మినా పైన వినిపిస్తుందని, దాన్ని తన చేత్తోనే బిగించిన ఎల్వుడ్‌కి ఆ క్షణంలో గుర్తు రాలేదు.

"రాళ్ళకి ఈ రంగు ఎలా వచ్చిందిరా?"

"కాఫీ."

"ఎంత?"

"అంటే... తాగగా మిగిలినంత."

"చెట్లు?"

"డార్... దారిలో దొరికాయి."

నార్బర్ట్ రాసుకుంటూ వంగి, గనివాళ్ళ ఇళ్ళ దగ్గర ఆగిపోయాడు. భూతద్దం పెట్టాడు. అతని మొహం వెలిగింది. తప్పు దొరికినప్పుడు తప్ప అతని మొహం అలా వెలగదు.

"బట్టలు!"

చివరి ఇంటి వెనక, రెండు అగ్గిపుల్లల మధ్య వెంట్రుకంత తీగ. దాని మీద బియ్యపు గింజంత తెల్లటి గుడ్డలు, పదకొండు. ఎల్వుడ్ వాటిని అప్పుడే మొదటిసారి చూస్తున్నాడు.

"పద్నాలుగో తారీఖు ఏ వారం? బుధవారం! మన ఊళ్ళో ఆడవాళ్ళు బట్టలు ఉతికేది ఎప్పుడు? సోమవారం! మా అమ్మ సోమవారం తప్ప ఇంకో రోజు ఉతకడం చూశావా? మీ అమ్మ? పైగా రైలొచ్చే వేళకి ఆరుబయట బట్టలుంచుతారా? బొగ్గు నుసి పడదూ? పెద్ద తప్పురా ఇది. ఇంత బాగా కట్టి ఇక్కడ బోల్తా పడ్డావు. దీంతో ఎలా రాయను?"

ఎల్వుడ్ మనసులో లెక్క కట్టుకున్నాడు. ఇరవై రెండేళ్ళు, నాలుగు కొట్టివేతలు, ఇప్పుడు పదకొండు గుడ్డపేలికలు.

"పొరపాటేలే. తీసేస్తా. ఎంతసేపు," అంటూ పట్టకారు అందుకుని తీగ పట్టుకోబోయాడు.

"చెయ్యి తియ్యి, ఎల్వుడ్."

డార్లీన్ మెట్ల మధ్యలో నిలబడి ఉంది. చేతులకి పిండి. గొంతు పెద్దదేం కాదు, కానీ పట్టకారు దానంతటదే కింద పడింది.

"నార్బర్ట్, నీకు ఎంతమంది పిల్లలు?"

"నలుగురు," అన్నాడు నార్బర్ట్ బిత్తరపోయి.

"నలుగుర్ని కన్నావు, వాళ్ళ గుడ్డలు ఒక్కసారీ ఉతికిన పాపాన పోలేదన్నమాట. చంటిపిల్ల ఉన్న ఇంట్లో సోమవారమేంటి, బుధవారమేంటి? అవి పొత్తిగుడ్డలు. రోజూ ఉతకాల్సిందే."

నార్బర్ట్ భూతద్దం మళ్ళీ పెట్టాడు. నలుచదరంగా ఉన్నాయి. అన్నీ ఒకే కొలత. రివెట్లు లెక్కపెట్టే మనిషి కాబట్టి ఒప్పుకోక తప్పలేదు.

"సరే. మరి నుసి సంగతి?"

"రోజూ రైలు వేళకి మా అమ్మ తీసేసేదట. ఆ రోజు మాత్రం చివరి ఇంజను చూద్దామని బిడ్డనెత్తుకుని గుమ్మంలో నిలబడిపోయిందట. గుడ్డలన్నీ బొగ్గు. చీకటి పడేదాకా మళ్ళీ ఉతుక్కుందట. ఆ కథ తను పోయేదాకా చెబుతూనే ఉంది."

"మరి తెల్లగా ఉన్నాయేం?"

"స్టేషను గడియారం చూడు. ఇంకా అయిదు నిమిషాలుంది."

నార్బర్ట్ గడియారం చూశాడు, గుడ్డలు చూశాడు, భూతద్దం జేబులో పెట్టేసుకున్నాడు.

ఎల్వుడ్ మాత్రం డార్లీన్‌నే చూస్తున్నాడు. "ఎవరి గుడ్డలు?" అన్నాడు మెల్లగా.

"నావి. అది హుడాక్ వాళ్ళిల్లు. వరసలో ఆఖరిది. అప్పటికి నేను పుట్టి మూడు వారాలు."

ఎల్వుడ్ వేళ్ళు మడిచి లెక్కపెట్టాడు. డార్లీన్ పుట్టినరోజు సెప్టెంబరు ఇరవై మూడు. ఆ చివరి ఇంజను ఎప్పుడు తయారైందో, ఎన్ని టన్నులు లాగిందో, ఏ రోజు ఇనప సామానుకి పోయిందో అతనికి కంఠతా వచ్చు. ఆ రోజు మూడూ అయిదుకి తన భార్య ఎక్కడుందో ఇరవై రెండేళ్ళలో ఒక్కసారి అడగలేదు. అతనికి సిగ్గేసింది. మామూలు సిగ్గు కాదు, చెవులు కాలిపోయే సిగ్గు.

"ఒరేయ్ నార్బర్ట్, రాసుకో," అన్నాడు. "కొండ నేను కట్టలేదు. రాళ్ళు, చెట్లు, మట్టి, ఏదీ నేను కాదు. అంతా డార్లీన్. నేను టేపు అంటించా. నా పేరు కొట్టెయ్."

"నాకు తెలుసులేరా. చెట్లు దారిలో దొరికాయన్నప్పుడే," అన్నాడు నార్బర్ట్. అట్ట మీద పెన్నుతో టకటకా కొట్టాడు. "ఈ ఇల్లు ఎవరి పేరు మీదుంది?"

"ఇద్దరి పేరునా. ఏం?"

"యజమాని తన చేత్తో కట్టాలనే కదా నిబంధన? ఏ యజమాని అని రాసి లేదు. ఆ నిబంధన రాసింది నేనే, నాకు తెలీదా?" అంటూ కాగితం మీద ఎల్వుడ్ పేరు కొట్టేశాడు. అదే పెన్నుతో, అరిగిపోయిందన్న పెన్నుతోనే, పక్కన పెద్ద అక్షరాలతో రాశాడు. డార్లీన్ కిస్లర్. దాని కింద చిన్నగా: పట్టాలు, ఎల్వుడ్.

"ఇంకో తప్పుంది మరి," అన్నాడు మెట్లెక్కుతూ. "తల్లి గుమ్మంలో నిలబడిందన్నావుగా అమ్మా. గుమ్మం ఖాళీగా ఉంది."

నార్బర్ట్ వెళ్ళాక డార్లీన్ కూడా మెట్ల వైపు తిరిగింది. ఎల్వుడ్ క్షమాపణ చెప్పుకోవడానికి నోరు తెరిస్తే "పిండి ఆరిపోతోంది" అని పైకి పోయింది.

పండగ ముందు రోజు సాయంత్రం ఆవిడ కిందకి దిగేసరికి, ఎల్వుడ్ రెండు కళ్ళజోళ్ళు ఒకదాని మీద ఒకటి పెట్టుకుని బల్ల మీదకి వంగి ఉన్నాడు. పట్టకారు కొసన గోరంత మనిషి. నీలం గౌను, తలకి రుమాలు, చంకలో ఆవగింజంత తెల్లటి మూట. మూటలో గులాబీ రంగు చుక్క, అది మొహం. వారం రోజులు పట్టినట్టుంది. గౌను అంచు కొంచెం వంకర పోయింది. కాళ్ళ కింద జిగురు మెరుస్తోంది.

డార్లీన్ పక్కకి వచ్చి వంగి చూసింది.

"మా అమ్మ ఇంకాస్త లావు," అంది.

"పొద్దున్నే మళ్ళీ చేస్తా."

"అక్కర్లేదు." ఆవిడ ముక్కు చీదుకుంది. ఆ తరవాత ఎల్వుడ్ గొంతుతోనే వెక్కిరించింది. "చూసుకో మరి. అంటిస్తే ఊడదు."

"ఊడక్కర్లేదు," అన్నాడు ఎల్వుడ్, బొమ్మని గుమ్మంలో నిలబెట్టి, జిగురు ఆరేదాకా వేలు తియ్యకుండా పట్టుకున్నాడు.