రుక్కమ్మ హెలికాప్టర్లు

రుక్కమ్మ ఊళ్ళో తూనీగను తూనీగ అనేవాళ్ళు లేరు. ఒక ఎన్నికల ఏడాది బడి వెనక మైదానంలో ఎవరో పెద్దమనిషి హెలికాప్టర్ దిగింది. ఆయన ఏం మాట్లాడాడో ఆ సాయంత్రానికే అందరూ మరిచిపోయారు గానీ, హెలికాప్టర్‌ను మాత్రం ఎవరూ మరిచిపోలేదు. మర్నాటి నుంచి పిల్లలు తూనీగలను హెలికాప్టర్లని పిలవడం మొదలుపెట్టారు. విని విని పెద్దవాళ్ళకూ అదే నోటికొచ్చింది. ఆ ఒక్క మాట ముందు ముందు ఒక ఆఫీసు మొత్తాన్నే మేడెక్కిస్తుందని అప్పుడెవరికి తెలుసు?

ఆ ఆఫీసు మాదాపూర్‌లో ఉండేది. అది పంతొమ్మిది వందల తొంభై తొమ్మిది, వానలు తగ్గుముఖం పడుతున్న రోజులు. ఐదంతస్తుల కొత్త గాజు మేడ, లోపల కంప్యూటర్ కంపెనీ, ముందు కలువల కొలను. ఆ కొలనును చూసుకోవడానికి కాంట్రాక్టరు పెట్టిన మనిషి రుక్కమ్మ. చందానగర్‌లో కిరాయి గది నుంచి పొద్దున్నే రెండు బస్సులు మారి వచ్చేది. కొలను తవ్వినప్పుడు బురదలో దిగి ఒక్కొక్క కలువ దుంపనూ పాతింది ఆమే. అందుకే దాన్ని ఎవరైనా కంపెనీ కొలను అంటే ఆమెకు లోపల కాస్త గుర్రుగా ఉండేది.

ఆ మేడలో పనిచేసే వాళ్ళందరి మెడలోనూ ఫొటో కార్డు వేలాడేది. రుక్కమ్మ మెడలో పుస్తెలతాడు తప్ప ఇంకేమీ లేదు. గేటు దగ్గర సెక్యూరిటీ రామచంద్రం వాళ్ళ పక్క ఊరివాడే. అయినా రోజూ “కార్డేది రుక్కమ్మా?” అని ఏడిపించేవాడు.

“ఇదే నా కార్డు” అని చేతిలో పార చూపించి ఆమె లోపలికి పోయేది. నవ్వుతూనే పోయేది గానీ, ఆ కార్డు మీద ఆశ లేదని మాత్రం చెప్పలేం.

ఇక దోమల సంగతి. చుట్టూ ఎటు చూసినా కడుతున్న మేడలే, ఎక్కడ చూసినా నిలవ నీళ్ళే. అయినా నింద మాత్రం కొలను మీద పడింది. ఆగస్టులో విదేశాల నుంచి కంపెనీ పని మీద వచ్చిన నలుగురు అతిథులు, మాట్లాడాల్సిన మాటలు మానేసి మోచేతులు గోక్కుంటూ కూర్చున్నారు. కంపెనీ పెద్దసారుకు తల తీసేసినట్టయింది. ఆఫీసు నిర్వహణ చూసే విశ్వేశ్వరరావును పిలిచాడు. వచ్చే నెలలో వాళ్ళు మళ్ళీ వస్తున్నారు, ఆ లోపల దోమలన్నా పోవాలి, కొలనన్నా పోవాలి అన్నాడు. కొలను పూడ్చి పైన బండలు పరిస్తే పది కార్లు పెట్టుకోవచ్చు కూడా. కాంట్రాక్టరు రుక్కమ్మకు ఏ దాపరికమూ లేకుండా చెప్పేశాడు, కొలను పోయిన రోజే ఆమె పని కూడా పోయినట్టని.

విశ్వేశ్వరరావు మంచివాడు. కాకినాడలో ఇరవై ఏళ్ళు సర్కారు కొలువు చేసి, అది వదిలి ఈ కంపెనీలో చేరాడు. కొలువు వదిలాడు గానీ కొలువు అలవాట్లు ఆయన్ను వదల్లేదు. ఏ పనికైనా ఒక ఫైలు, ఒక నోటీసు ఉండాల్సిందే. ఒకసారి వానలో తడుస్తూ గడ్డి పీకుతున్న రుక్కమ్మను చూసి, తన గొడుగు ఆమెకిచ్చి తాను తడుస్తూ బస్టాపుకు నడిచాడు. అటువంటి మనిషి ఒకరోజు దోమలు చావాలని నీళ్ళలో పోయడానికి కాలిన ఇంజన్ ఆయిల్ డబ్బా పట్టుకుని కొలను గట్టు మీద నిలబడ్డాడు.

“అయ్యో సారూ, పోయకుండ్రి!” అంటూ రుక్కమ్మ పరుగెత్తుకొచ్చింది. “పోయిన నెల పోస్తిరి గద, ఏమైంది? కప్పలు సచ్చినయి, ఆకులు మాడినయి. దోమలు వారం రోజులు సెలవు పెట్టి మల్ల వచ్చినయి. జర నా మాట ఇనుండ్రి. పది రోజులు నీళ్ళ జోలికి పోకుండ్రి. హెలికాప్టర్లు వస్తయి.”

విశ్వేశ్వరరావు డబ్బా కింద పెట్టాడు. “హెలికాప్టర్లా?”

“ఔ సారూ. గుంపులు గుంపులుగ వస్తయి. మీదనే తిరుగుకుంట తిరుగుకుంట ఒక్క దోమను ఇడువయి.”

“దోమల కోసమేనా? ఎవరమ్మా పంపించేది?”

“ఎవరు పంపుడేంది సారూ? పైనుంచే వస్తయి.”

ఇరవై ఏళ్ళు సర్కారు ఆఫీసులో కూర్చున్న మనిషికి ‘పైనుంచి’ అంటే ఒక్కటే అర్థం. ఆయన చొక్కా గుండీ సర్దుకున్నాడు. ఆ రోజుల్లో మాదాపూర్‌లో నమ్మలేనిదంటూ ఏదీ లేదు. నిన్న రాళ్ళగుట్ట ఉన్నచోట ఇవాళ గాజు మేడ లేచేది. అటువంటి చోట సర్కారు వారు హెలికాప్టర్లతో దోమల మందు చల్లిస్తున్నారంటే నమ్మకపోవడానికి ఏముంది?

“ఎప్పుడొస్తాయో ఏమన్నా తెలిసిందా?”

“వచ్చే శుక్రారం కల్ల దిగుతయి సారూ. పొద్దుగూకే ముందు, నాలుగు దాటినంక జోరుగ తిరుగుతయి.”

“మన తరపున ఏర్పాట్లు ఏమన్నా చెయ్యాలా?”

“ఏం వద్దు. నీళ్ళు మాత్రం సాఫ్ ఉండాలె. ఆయిల్ వద్దు.”

హెలికాప్టర్ నడిపేవాళ్ళు శుభ్రత పాటించే మనుషులై ఉంటారనుకున్నాడు విశ్వేశ్వరరావు. డబ్బా తీసుకుని వెళ్ళిపోయాడు. ఇంత తొందరగా ఒప్పుకున్నాడేమిటా అని రుక్కమ్మ ఆశ్చర్యపోయింది, చదువుకున్నవాళ్ళకు మంచి మాట చెప్తే తలకెక్కుతుందని సంతోషపడింది కూడా.

ఆ రోజే జిడ్డు నీళ్ళన్నీ తోడి పారబోసింది. గట్లు తోమి కొత్త నీళ్ళు పట్టింది. నాలుగు రోజులు పనిలోకి వచ్చే ముందు దుర్గం చెరువు అంచుకు పోయి, గడ్డిలో చెయ్యి పెట్టి వెతికి, బకెట్ నిండా ఏవో తెచ్చి కొలనులో వదిలింది. బురద రంగు, ఆరు కాళ్ళు, వేలి కణుపంత పొడుగు.

“గింత గలీజుగున్నయేంది?” అన్నాడు రామచంద్రం.

“హెలికాప్టర్ పిల్లలు. రెక్కలొచ్చిందాక నీళ్ళల్లనే ఉంటయి. దీని తమాషా చూడు.”

ఒక పురుగును గాజుసీసాలో వేసి, అందులో పది దోమ పిల్లలున్న నీళ్ళు పోసింది. దోమ పిల్లలు మెలికలు తిరుగుతున్నాయి. పురుగు కదల్లేదు. ఒకటి మెలికలు తిరుగుతూ దాని ఎదురుగా వచ్చింది. అంతే, పురుగు మొహం కింద మడిచి పెట్టుకున్న దవడ చెయ్యిలాగా ముందుకు సాగి, దోమ పిల్లను పట్టుకుని మళ్ళీ మడుచుకుంది. రామచంద్రం రెప్ప వేసి తెరిచేలోపల అయిపోయింది. బీడీ ముట్టించబోయి ఆగిపోయాడు. చివరికి అది ముట్టించే సరికి సీసాలో మూడే మిగిలాయి.

“అమ్మో, దీని మొహానికి నా చేయి దూరముంచాలె” అన్నాడు.

అంతా బాగానే సాగుతోందనుకుంటుండగా మంగళవారం పొద్దున గేటు దగ్గర నోటీసు అంటించి ఉంది. రామచంద్రం కూడబలుక్కుని పైకి చదివాడు: “రాబోవు శుక్రవారం సాయంత్రం నాలుగు గంటలకు దోమల నివారణ నిమిత్తము ప్రభుత్వ హెలికాప్టర్లు వచ్చుచున్నవి. కిటికీలు మూసుకొనవలెను. చూడగోరువారు ముక్కుకు చేతిరుమాలు కట్టుకొని మేడపైకి రావచ్చును. గొడుగులు విప్పరాదు.”

రామచంద్రం చదవడం ముగించి, కుర్చీలో కూలబడి, కడుపు పట్టుకుని నవ్వాడు. రుక్కమ్మ నవ్వలేదు. ఆయన తన మాటను ఎలా అర్థం చేసుకున్నాడో ఆమెకు అప్పుడే తెలిసింది.

“పోయి చెప్పొస్త” అని నాలుగడుగులు వేసి ఆగింది. రోడ్డవతల మట్టితో నిండిన ట్రాక్టర్ నిలబడి ఉంది. ఎందుకైనా మంచిదని పెద్దసారు ముందే తెప్పించి పెట్టాడట. ఇప్పుడు నిజం చెప్తే ఆ మట్టి మధ్యాహ్నానికల్లా కొలనులో ఉంటుంది. హెలికాప్టర్ పిల్లలేమో అప్పుడప్పుడే కలువ కాడల దగ్గరికి చేరుతున్నాయి. ఇంకో మూడు రోజులు చాలు.

చెప్పలేదు. మూడు రోజులూ విశ్వేశ్వరరావుకు ఎదురుపడకుండా తిరిగింది. ఆయన దూరం నుంచే “ఏమ్మా, ఏర్పాట్లన్నీ బాగున్నాయి కదా?” అని ఉత్సాహంగా అడిగినప్పుడల్లా, గొడుగిచ్చిన మనిషికి ఇదా తను చేసేది అని సిగ్గుతో చచ్చిపోయింది.

గురువారం తెల్లవారేసరికి కాడల మీద పిల్లలు బారులు తీరి ఉన్నాయి. ఒకదాని వీపు చిట్లింది. లోపలి నుంచి మెత్తటి, పాలిపోయిన తూనీగ వంగి బయటికొచ్చింది. దాని రెక్కలు ఉతికి పిండిన గుడ్డల్లా ముడుచుకుని ఉన్నాయి. ఎండ తగిలేకొద్దీ అవి సాగాయి, ఆరాయి, మెరిశాయి. రుక్కమ్మ పని మానేసి గట్టు మీద కూర్చుండిపోయింది. అది లేచి గాలిలో ఒక చుట్టు తిరిగేసరికి ఆమెకు కళ్ళ నీళ్ళొచ్చాయి.

శుక్రవారం నాలుగింటికి ఆఫీసంతా మేడ మీద ఉంది. ముక్కులకు రుమాళ్ళు కట్టుకుని పెద్దసారుతో సహా అందరూ ఆకాశం అంచులకేసి చూస్తున్నారు. నాలుగుంపావయింది. నాలుగున్నరకు ఏదో మోత వినబడింది. అందరూ చప్పట్లు కొట్టారు. అది బేగంపేటలో దిగబోయే విమానం, దాని దారిన అది పోయింది. పెద్దసారు గడియారం చూసుకున్నాడు. విశ్వేశ్వరరావు రుమాలు తీసి చెమట తుడుచుకున్నాడు. “వస్తాయండి, ఆర్డర్లు పైనుంచి వచ్చాయండి” అంటున్నాడు గానీ గొంతులో నమ్మకం లేదు.

కింద నుంచి చూస్తున్న రుక్కమ్మ ఇక ఓర్చుకోలేకపోయింది. లిఫ్టుకు కార్డు కావాలి. ఐదంతస్తులూ మెట్ల మీదే ఎక్కి, రొప్పుతూ విశ్వేశ్వరరావు ముందు నిలబడింది.

“సారూ, తప్పు నాది. నేను చెప్పిన హెలికాప్టర్లు గవి కావు. మా ఊళ్ళె గీటినే హెలికాప్టర్లంటం.” చెయ్యి ఎత్తి చూపించింది. “మీ నోటీసు ఇన్ననాడే నాకు ఎరుకైంది. చెప్పలే. చెప్తే మట్టి పోస్తరని భయమైంది. మిమ్మల్ని నలుగుర్ల నవ్వులపాలు చేసిన, ఏమనాల్నో నన్నే అనుండ్రి.”

అందరూ తలలెత్తారు. ఇంతసేపూ దూరం చూస్తున్నారు గానీ నెత్తి మీద చూసినవాళ్ళు లేరు. కొలనులోవి, చెరువు వైపు నుంచి వచ్చినవి కలిసి వందలాది పసుపుపచ్చ తూనీగలు తిరుగుతున్నాయి. ఒకటి గాలిలో కదలకుండా నిలబడింది, వెనక్కి జరిగింది, ఆరు కాళ్ళూ బుట్టలా చేసి ఎగురుతున్న దోమను అందులో పట్టుకుని, ఎగురుతూనే తినేసింది. ఇంకోటి. మరోటి. గురి తప్పినది దాదాపు కనబడలేదు.

ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత మేడంతా నవ్వింది. పెద్దసారు మాత్రం నవ్వలేదు. “విశ్వేశ్వరరావుగారూ, ట్రాక్టర్‌ను పిలిపించండి” అన్నాడు.

విశ్వేశ్వరరావు మొహం ఎర్రబడింది. ఆయన తూనీగలను చూశాడు, ఆమెను చూశాడు, చొక్కా గుండీ సర్దుకున్నాడు.

“పిలిపిస్తానండి. ఒక్క మాట మనవి చేసుకోనివ్వండి. ఇంత సాయంత్రం పూట మనం నలభై నిమిషాల నుంచి ఇక్కడ నిలబడ్డాం కదండి. మీరు ఒక్కసారైనా గోక్కున్నారా అండి?”

పెద్దసారు మోచేతులు చూసుకున్నాడు. చుట్టూ ఉన్న అందరూ మోచేతులు చూసుకున్నారు.

“వారం నుంచి నా బల్ల కింద దోమల చక్రం వెలిగించలేదండి. ఆ సంగతి నాకిప్పుడే గుర్తొచ్చింది” అన్నాడు విశ్వేశ్వరరావు. “నోటీసులో తప్పేం లేదండి. హెలికాప్టర్లు వచ్చాయి. సైజు కాస్త చిన్నది, అంతే.”

అప్పుడు నవ్వాడు పెద్దసారు. ట్రాక్టర్ మట్టి ఎవరి పునాదికో పోయింది. దోమలన్నీ మాయమైపోయాయని అంటే అబద్ధమవుతుంది గానీ, సోమవారం వచ్చిన అతిథులు గోక్కోవడం తక్కువ, కొలను దగ్గర ఫొటోలు దిగడం ఎక్కువ.

ఆ తర్వాత వారం విశ్వేశ్వరరావు రుక్కమ్మను పిలిచి, మెడలో వేసుకొమ్మని ఒక కార్డు ఇచ్చాడు. “పైనుంచే సంతకం పెట్టించానమ్మా” అన్నాడు. దాని మీద ఆమె ఫొటో ఉంది. ఫొటో కింద ఏముందో ఆమెకు చదవడం రాదు. గేటు దగ్గర రామచంద్రం అడక్కముందే పట్టి చూపించింది. అతను కూడబలుక్కున్నాడు.

“రుక్కమ్మ. శాఖ... హెలికాప్టర్లు. ఓరి నీ! నువ్వు నడుపుతవా ఏంది?”

“నడుపుడు అవ్వే నడుపుకుంటయి” అంది రుక్కమ్మ, కార్డును కొంగుతో తుడుస్తూ. “దిగనీకె జాగ ఉంటె సాలు. గది నేను చూసుకుంట.”