నీలం రాని పట్టీ

పెళ్లయి ఇరవై రోజులు. ఉదయగిరిలో మా అత్తగారింట్లో నాకన్నీ ముద్దొచ్చేవి: గొర్రెపిల్లల అరుపులు, మా ఆయన చంద్రమోహన్ హడావిడిలో చొక్కా గుండీలు తప్పుగా పెట్టుకోవడం కూడా. ఆ మురిపెంలోనే నా ఎమ్మెస్సీ ప్రాజెక్టులో మిగిలిన కాగితపు పట్టీలు బయటికి తీశాను.

వాటి మీద కంటికి కనపడనంత సన్నని ఇనుప నలుసులుంటాయి. ఎంజైము చేసే పనిని అవి చేస్తాయి. ఉమ్మిలో చక్కెర ఎక్కువుంటే పట్టీ నీలమవుతుంది.

మామగారు నారాయణయ్యకు ఆరేళ్లుగా షుగరు. బంధువులందరి ముందు ఆయనకు గిన్నె అందించాను.

"కోడలి ముందర ఉమ్మేదేందమ్మా" అని సిగ్గుపడుతూనే ఉమ్మారు.

పట్టీ తెల్లగానే ఉంది. "మీకు షుగర్ లేదు మామయ్యా" అన్నాను.

"చూసినారా? గొర్రెకు నట్టల మందు తాపినట్టు ఆరేండ్లు తాపినారు నాకు."

"కాగితం ముక్క చూసి మాత్రలు మానుకుంటావా ఏంది?" అంది అత్తయ్య పెంచలమ్మ.

"అది ఎమ్మెస్సీ చదివింది. నువ్వేం చదివినావు?"

అందరితోపాటు నేనూ నవ్వాను.

సాయంత్రం గ్లాసులు కడుగుతుంటే గుర్తొచ్చింది. పరీక్షకు ముందే ఆయనకు నిమ్మకాయ నీళ్లిచ్చాను. నిమ్మలోని విటమిన్ సి ఆ నీలాన్ని రానివ్వదు. నోరు పుక్కిలించి, అరగంట ఆగి చూడాలని ప్రాజెక్టు పుస్తకంలో రాసింది నేనే. కానీ అప్పటికే మామయ్య మాత్రలు మానేసి, వీధంతా నా చదువు గురించి చెప్పుకుంటున్నారు. రేపు చెబుదాంలే అనుకుంటూ తొమ్మిది రోజులు గడిపాను.

పదో రోజు మామయ్య గొర్రెల వెంట నడుస్తూ కళ్లు తిరిగి పడిపోయారు. ఆత్మకూరు ఆసుపత్రిలో చూస్తే షుగరు నాలుగు వందల అరవై.

"తొమ్మిది దినాలుగా మాత్రలెందుకు మానినావు?" డాక్టరమ్మ గద్దించింది.

మామయ్య నావైపు చూడలేదు. "మరిచిపోయినానమ్మా."

"అన్ని దినాలా? గొర్రెలకు నీళ్లు పెట్టేది మరిచిపోతావా?"

ఆయన తల దించుకున్నారు. నా బదులు తిట్లు తింటున్నారు.

"నేనే మానిపించినాను మేడమ్" అన్నాను. పట్టీ సంగతి, నిమ్మకాయ నీళ్ల సంగతి, తెలిసీ దాచిన సంగతి, అన్నీ చెప్పాను. చంద్రమోహన్ కిటికీవైపు తిరిగాడు.

మామయ్య అడిగారు. "పొరపాటని ఆ పొద్దే తెలిసిందా అమ్మాయ్?"

"తెలిసింది మామయ్యా."

నర్సు మాత్రలిచ్చింది. నేను గ్లాసుతో నీళ్లు తీసుకెళ్లాను. ఆయన నీళ్ల కోసం చేయి చాచారు, మంచం పక్కనున్న అత్తయ్య వైపు.